హజరా బీ కొలతల పుస్తకం

ముందే ఒప్పేసుకుంటాను, ఈ కథలో జరిగిన తప్పు నాది. ఆదోని సబ్ రిజిస్ట్రారు కచేరి ముందు, రేకుల పందిరి కింద డెస్కు వేసుకుని ఇరవై ఏళ్ళు దస్తావేజులు రాశాను నేను. "సుంకప్ప రాసిన పత్రం హైకోర్టులో కూడా పడుకోదు" అనేవారు జనం. అన్నవారిలో సగం మంది మా చుట్టాలే అనుకోండి, అయినా వినడానికి బాగుండేది.

నా పందిరి వెనక సందులోనే ఇబ్రహీం అంగడి. రోజూ మూడు గంటలకు అక్కడ టీ తాగకపోతే నాకు తర్వాతి పత్రంలో హద్దులు తప్పిపోయేవి. ఇబ్రహీం మొదట మగవాళ్ళ దర్జీ. రఫూ పనిలో ఆదోనిలో అతన్ని మించినవాడు లేడు. బీడీ నిప్పు పడి కాలిన చొక్కా ఇస్తే, తిరిగి ఇచ్చాక ఎక్కడ కాలిందో తెచ్చినవాడే వెతుక్కోవాలి. తన పెళ్ళిలో కూడా రఫూ చేసిన ఘనుడు. అరవై తొమ్మిదిలో నిఖా రోజున ఊదుబత్తి నిప్పు రాలి పెళ్ళికూతురి జరీనేత కింకాబు రవిక భుజం మీద కంది గింజంత బెజ్జం పడిందట. అత్తగారు అపశకునమని ఏడుపు అందుకుంటే, పెళ్ళికొడుకు ముఖం మీది పూలసెహరా పక్కకు నెట్టుకుని, సూది తెప్పించుకుని, ఆ రవికను లోపలి నుంచి తెప్పించుకుని అక్కడే బెజ్జం పూడ్చాడు. "పెండ్లినాడే పనిలోకి దిగినాడు రా వీడు" అని బంధువులు చాలా ఏళ్ళు నవ్వారు. ఆ పెళ్ళికూతురే హజరా బీ.

ఆడవాళ్ళ బట్టలు కుట్టాలన్న ఆలోచన హజరా బీదే, డెబ్బై ఒకటిలో. అప్పటికి మా వైపు ఆడవాళ్ళెవరూ దర్జీకి కొలత ఇచ్చేవారు కాదు. ఆది రవిక పంపేవారు. సరిపోయిన పాత రవిక ఒకటి ఇస్తే, దర్జీ దాన్ని చూసి కొత్తది కత్తిరిస్తాడు. ఇందులో ఒక చిక్కుంది. మా ఇంటామె మారెమ్మ ఆది రవికను బజారులో ఒక దర్జీ వాకిలి మేకుకు తగిలించి పదకొండు రోజులు మరిచిపోయాడు. రోజూ ఆ దారినే కచేరికి పోయే నాకు పన్నెండో రోజున గానీ అది మాదని తెలియలేదు. తెలిపింది కూడా నా తోటి లేఖరి. "సుంకప్పా, మీ ఇంటి జెండా ఎగురుతాంది సూసినావా?" అన్నాడు. మారెమ్మ మూడు రోజులు అన్నం పెట్టింది గానీ మాట పెట్టలేదు.

హజరా బీ ఇలాంటివన్నీ విని ఉన్న మనిషి. అంగడి మధ్యలో పరదా కట్టించింది. ముందు ఇబ్రహీం మిషను, వెనక ఆమె టేపు. పరదా కట్టిన రోజే మొగుడితో ఒక ఒప్పందం చేసుకుంది. నేను అక్కడే టీ తాగుతున్నాను కాబట్టి సాక్షిని.

"కొలతలు నేను తీస్తా. పుస్తకంలో నేను రాస్తా. నీకు చీటీ ఇస్తా, దాంట్లో నెంబరు, కొలత అంతే. పేరుండదు. పుస్తకం నువ్వు తెరవగూడదు."

"నేను తెరిస్తే ఏమైతాది? దర్జీని గదా!" అన్నాడు ఇబ్రహీం.

"దర్జీవే. మొగోడివి గూడా గదా! ఆడోళ్ళు నన్ను నమ్మి వస్తారు. ఒప్పుకుంటావా, పరదా విప్పేయమంటావా?"

"ఒప్పుకుంటి లేమ్మా. రాసిమ్మంటావా? సుంకప్పన్న ఈడనే ఉన్నాడు."

"మాట చాలు," అంది హజరా బీ.

ఆ పుస్తకం పొడుగాటి అట్ట పుస్తకం. ఒక్కో మనిషికి ఒక్కో పేజీ, పేజీకి ఒక నెంబరు. పేరు ఎక్కడా రాయదు. నెంబర్లు కలగాపులగం కాకుండా ఉండేందుకు, ఎవరి మొదటి రవిక గుడ్డలోంచి వారికి బొటనవేలంత పీసు కత్తిరించి, వారి పేజీ మూలన రెండు కుట్లు వేసేది. గుడ్డ చూడగానే మనిషి గుర్తొచ్చేదట. వచ్చిన ప్రతి ఆడమనిషికీ "నీ నెంబరు ఇది, నువ్వు మతికి పెట్టుకో, ఇంగెవరికీ సెప్పొద్దు" అని అప్పజెప్పేది. ఒంటి కొలతలు మారినప్పుడల్లా తేదీ వేసి, అదే పేజీలో కిందికి రాసుకుంటూ పోయేది. అన్నీ రాశాక పుస్తకాన్ని గుడ్డలో మూటగట్టి పై అలమరలో పెట్టేది.

ఆమె గుట్టు ఎలాంటిదో నాకు సొంత అనుభవం ఉంది. ఒక ఏడు మారెమ్మ రవికలు రెండు నెలల్లో రెండుసార్లు వదులు చేయించుకుంది. నేను హాస్యానికి, "ఏమక్కా, మా ఇంటామె లావైందా ఏంది?" అని పరదా వైపు అడిగాను.

"టేపునడుగు అన్నా, అది మాట్లాడితే అదే సెప్తాది," అని లోపలి నుంచి జవాబు.

మా మూడో బిడ్డ కడుపున పడిన సంగతి నాకంటే నెలన్నర ముందే హజరా బీకి తెలుసని నాకు తర్వాత తెలిసింది. తండ్రిని నేను. అయినా వరసలో ఆమె తర్వాతే.

దర్జీ ఇంట్లో చిరుగు రవికలుంటాయని మా వైపు అంటారు. ఇబ్రహీం ఇల్లూ అంతే. రెండేళ్ళు వరసగా రంజానుకు గిరాకీల బట్టలన్నీ అందాయి, హజరా బీ రవిక మాత్రం అందలేదు. మూడో ఏడు పరదా వెనక నుంచి పెద్ద గొంతు వినిపించింది.

"ఊరందరికీ పండగనాటికి ఇస్తావు. నేనే నీకు కనపడనా?"

"ఇంట్లోదానివే గదా, రేపు కుడతాలే."

"వద్దులే. ఇంగమీద నాది నేనే కుట్టుకుంటా."

అప్పటి నుంచి ఆమె అడగలేదు, ఇబ్రహీం కుట్టలేదు. ప్రతి రంజానుకు ఆమె ఒంటి మీద కొత్త రవిక మాత్రం ఉండేది. పండగ ముందు ఒకే తానులోంచి ముప్పై నలభై మంది ఆడవాళ్ళు గుడ్డ తీసుకునే రోజులవి. ఎవరిది ఎవరు కుట్టారని ఎవరు చూస్తారు?

ఎనభై ఐదు దసరా ముందు జరిగిన సంగతి ఇంకొకటి చెప్పాలి. ఇబ్రహీం చీటీ చూసి గుడ్డ మీద సుద్దతో గీతలు గీస్తూ నాతో అన్నాడు.

"ఈ నలభై ఏడో నెంబరామె ఎవురో గాని సుంకప్పన్నా, ఎండిపోతాంది. ఉగాదికి నడుము ముప్పై. రంజానుకు ఇరవై ఎనిమిది. ఇప్పుడు ఇరవై ఆరు. మొగుడు కూడు పెట్టడం ల్యాదేమో!"

నేను నవ్వాను. పరదా వెనక టేపు చుట్టే చప్పుడు ఆగింది.

"పెడతాడులే పాపం," అంది హజరా బీ. "ఆమెకే తినబుద్ధి కాదంట."

"డాక్టరుకు సూపిచ్చుకోమని సెప్పు."

"సెప్తాలే."

ఎనభై ఆరు శ్రావణంలో హజరా బీ పోయింది. ఉరుకుంద జాతరకు బస్సులన్నీ కిటకిటలాడుతుంటే, నిలబడే చోటు కూడా దొరక్క, లారీలో బళ్ళారి ఆస్పత్రికి తీసుకుపోయారు. కడుపులో గడ్డ అన్నారు. ముందే రావలసిందన్నారు. పంతొమ్మిది రోజులు ఉంచుకుని ఇంటికి పంపేశారు.

ఇబ్రహీం ఏడవలేదు. మొదట మేమంతా ధైర్యమనుకున్నాం. నలభయ్యో రోజు కార్యం అయ్యాక అంగడి తెరిచాడు. మిషను ముందు కూర్చున్నాడు. ఆడవాళ్ళు వచ్చారు, పరదా వైపు చూశారు, కొంచెంసేపు నిలబడి వెళ్ళిపోయారు. కొలిచేవారు లేరు కదా! "టీ తాగుదామా?" అంటే "తాగుదాం" అనేవాడు. "వద్దులే" అంటే "వద్దులే" అనేవాడు. నా చొక్కా రెండో గుండీ అప్పుడే ఊడిపోయింది. కుట్టమని అడగడానికి సిగ్గుపడి నాలుగు నెలలు అలాగే తిరిగాను. దర్జీ పక్కనే కూర్చుని గుండీ లేని చొక్కాతో టీ తాగే లేఖరిని చూసి జనం ఏమనుకున్నారో ఏమో!

జనవరిలో ఎమ్మిగనూరు నుంచి మద్దిలేటి అనే దర్జీ వచ్చాడు. ముప్పై ఏళ్ళుంటాయి, మాటలో చురుకు. అంగడి తీసుకుంటానన్నాడు. పగలు ఇక్కడ కూర్చుని గుడ్డలు తీసుకుంటాడు, సాయంత్రం బస్సులో ఎమ్మిగనూరుకు పోతాడు, అక్కడ ఇంట్లో పెళ్ళాం, చెల్లెలు కత్తిరిస్తారు. ఇబ్రహీం సరేనన్నాడు. పత్రం నేనే రాయాలి కదా! స్టాంపు కాగితం తెచ్చుకుని అంగడిలోనే కూర్చున్నాను.

"కుట్టుమిషన్లు రెండు," అన్నాను.

"రాయన్నా," అన్నాడు ఇబ్రహీం.

"కత్తెర్లు మూడు, ఇస్త్రీపెట్టె ఒకటి, సూదులు, దారపు ఉండలు."

"రాయన్నా."

మద్దిలేటి పైకి చూశాడు. "ఆ మూటలో ఏముండాదన్నా?"

"కొలతల పుస్తకం," అన్నాను నేను, పెద్ద తెలిసినవాడిలా.

"అదే గదా అసలు అంగడి! మిషన్లు యాడన్నా దొరుకుతాయి, గిరాకీ యాడ దొరుకుతాది? కొలతలుంటే కొలిచే ఆడమనిషి ల్యాకపోయినా కుట్టచ్చు. రాయన్నా దాన్ని గూడా."

నేను ఇబ్రహీం వైపు చూశాను. అతను గోడకున్న మేకును చూస్తున్నాడు.

"రాయన్నా," అన్నాడు.

రాశాను. రాసి ఊరుకున్నానా? ఇరవై ఏళ్ళ అలవాటు. భూమి పత్రాలకు చివర రాసే వాక్యం చెయ్యి దానంతటదే రాసేసింది. సదరు అంగడి సామానులను నిధి నిక్షేప జల తరు పాషాణ సహితంగా, సకల హక్కులతో, మద్దిలేటి వచ్చే నెల ఒకటో తేదీన స్వాధీనం చేసుకొనవలసినది. ఇద్దరూ సంతకాలు పెట్టారు. సాక్షి సంతకం నాదే.

మూడో రోజు పొద్దున భీమక్క నా డెస్కు ముందు నిలబడింది. జిన్నింగు మిల్లులో పత్తి ఏరే మనిషి. యాభై దాటి ఉంటాయి. పనికి పోయే వేళ అయినా పోలేదంటే సంగతి పెద్దదే.

"సుంకప్పన్నా, మా కొలతలన్నీ ఎమ్మిగనూరికి అమ్ముకున్నారంట గదా!"

"అమ్మడమంటే... అంగడితో పాటు..."

"నన్ను అడిగినారా? కొలత నాది. ఒళ్ళు నాది. మీ ముగ్గురు మొగోళ్ళు కూచోని సంతకాలు పెట్టుకుంటే సరిపాయెనా?"

"పేర్లుండవు భీమక్కా, ఉత్త నెంబర్లే," అన్నాను.

"గుడ్డ పీసుండాది గదన్నా పక్కన! నా పుట్టిల్లు ఎమ్మిగనూరే. ఆ చుక్కల రవిక ఏసుకోని పదేండ్లు పుట్టింటికి పోయినా. దాన్ని సూసి ఇది భీమక్కది అని పట్టుకోని ఆడది ఆ ఊర్లో ఉందా?" అని ఆమె చుట్టూ చూసింది. గొంతు తగ్గించింది. "బళ్ళారిలో నాకు ఒక పక్క కోసేసినారన్నా. ఎడమ పక్క. హజరమ్మ దూది పెట్టి కుట్టిచ్చేది. చీటీలో ఒకే లెక్క రాసి, దూది ఆమే పెట్టేది, పరదా ఎనకాల. ఇబ్రహీముకు తెల్దు. నా కోడండ్లకు తెల్దు. ఆ పేజీలో రెండు పక్కలా రెండు లెక్కలుంటాయి. సూసినోళ్ళకు అర్థం కాదా?"

గుండీ లేని చోట చొక్కా పట్టుకుని కూర్చున్నాను.

"నీకు సెప్పినానంటే ఆలోచించుకో, ఎంత ఇరకాటంలో ఉంటే సెప్పింటానో," అని వెళ్ళిపోయింది.

ఇబ్రహీముకు భీమక్క పేరు చెప్పలేదు. పీసుల సంగతి మాత్రం చెప్పాను. అతను లేచి పై అలమరలోని మూట మీద చెయ్యి పెట్టాడు. తర్వాత, "హజరా మాటిచ్చింది వాళ్ళకు," అన్నాడు. నాలుగు నెలల్లో తనంతట తానుగా అన్న మొదటి మాట అది. "పుస్తకం ఇచ్చేది ల్యా సుంకప్పన్నా."

మద్దిలేటిని పిలిచి చెప్తే అతనూ మంచిగానే అన్నాడు. "సంతకం పెట్టినావన్నా. నేను ఎమ్మిగనూరు అంగడి ఖాళీ చేసినా దీన్ని నమ్ముకోని. ఇయ్యనంటే కోర్టుకు పోతా. నీ మీద కోపం ల్యా, నా కడుపు సంగతి."

అతను అన్నదాంట్లో తప్పు పట్టేది ఏముంది? ఇబ్రహీంను వెంటబెట్టుకుని తెలిసిన వకీలు దగ్గరికి పోయాను. ఆయన పత్రం చదివాడు. సగంలో కళ్ళజోడు తీసి నా వైపు చూశాడు.

"కుట్టుమిషనులో జల తరు పాషాణాలు యాడుండాయప్పా సుంకప్పా? బావి తవ్వుతాడా దాంట్లో?"

ఆయన గుమాస్తా కూడా నవ్వాడు. ఆ నవ్వు మిగతా లేఖరులకు సాయంత్రానికే చేరింది. తర్వాత రెండేళ్ళు నన్ను 'పాషాణాల సుంకప్ప' అన్నారు. అది వేరే సంగతి.

వకీలు ఇబ్రహీముకు నెమ్మదిగా చెప్పాడు. ఒకరు ఇస్తానన్నారు, ఒకరు తీసుకుంటానన్నారు, బదులుగా ఒకటి ముట్టజెప్పడానికి ఒప్పుకున్నారు, ఇద్దరూ ఇష్టంతోనే సంతకం పెట్టారు. ఇది పక్కా ఒప్పందం. బలవంతం ఉంటే చెల్లదు, మోసం ఉంటే చెల్లదు, మతి స్థిమితం లేకుంటే చెల్లదు.

"భార్య పోయిన దుఃఖంలో మతి లేక సంతకం పెట్టినానని చెప్పు," అన్నాడు వకీలు. "నిలబడుతుంది."

"మతి ఉండింది సార్," అన్నాడు ఇబ్రహీం. "ఏడుపు గూడా రాల్యా."

"పుస్తకం తెరవనని ఆమెకు మాటిచ్చినావంటివే, పత్రం రాసేటప్పుడు ఆ సంగతి..."

"ఆ మాట ముందుది గదా సార్. పదారేండ్ల ముందుది."

"మొగుడూ పెళ్ళాల మధ్య మాటలు ఒప్పందాలు కావయ్యా. చట్టం వాటిని లెక్కలోకి తీసుకోదు. సంసారం లోపలి మాటలు అవి."

ఇబ్రహీం కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "మా నిఖానే ఒప్పందం గదా సార్! ఇద్దరు సాక్షులు, పెండ్లికూతురికి రాసిచ్చే మెహరు, సంతకం. ఒప్పందం మీద మొదలైన సంసారంలో ఇచ్చిన మాట ఒప్పందం ఎట్ల కాకపాయె?"

వకీలు కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. అంతకు నెల ముందే గిరాకీల కోసం కొత్త చట్టం ఒకటి వచ్చిందని రేడియోలో చెప్పారు, దాని గురించి అడిగాను. "అది వస్తువు బాగలేకుంటే అడిగే చట్టం. కొలత గుట్టు గురించి దాంట్లో నాకు కనబళ్ళేదు," అన్నాడు.

బయటికి వచ్చేటప్పుడు వకీలు నన్ను ఒక్కడినే ఆపి, "పత్రంలో ఏది రాసినావో అది ఇయ్యాల. రాయనిది ఇయ్యనక్కరలే. సరిగా చదువుకో నీ రాత," అన్నాడు.

పందిరి కిందికి వచ్చి నా రాత నేనే చదివాను. 'కొలతల పుస్తకం ఒకటి.' గుడ్డ పీసులని రాయలేదు. పీసులు ఊడదీస్తే మిగిలేవి నెంబర్లు, అంకెలు. ఎవరి నెంబరు వాళ్ళకు తెలుసు. మద్దిలేటి దగ్గర కుట్టించుకోవాలనుకున్న మనిషి వచ్చి నెంబరు చెప్పుకుంటుంది. వద్దనుకున్న మనిషి చెప్పదు. భీమక్క పేజీని చూసినా, ఆ రెండు లెక్కలు ఎవరివో ఎమ్మిగనూరులో ఎవరికీ తెలియదు. నిధి నిక్షేపాలు చేసిన చెడ్డంతా ఈ ఒక్క మరపు సరిచేసింది.

చెప్పగానే ఇబ్రహీం తల ఊపాడు. మళ్ళీ ఆగాడు. "పీసులు తియ్యాలంటే పుస్తకం తెరవాల్ల గదన్నా. తెరవనని మాట."

ఎవరు తీయాలి? నేను మగవాణ్ణి. మారెమ్మ "నేను తీస్తా లేండి" అని చాలా ఉత్సాహంగా ముందుకొచ్చింది. ఆ ఉత్సాహం చూసే వద్దన్నాం. మారెమ్మ చేతికి ఆ పుస్తకం ఇవ్వడమూ ఆలిండియా రేడియోకు ఇవ్వడమూ ఒకటే. ఈ మాట నేనన్నట్టు ఆమెకు చెప్పకండి.

చివరికి ఇబ్రహీమే అన్నాడు. "ఆమె తెరవొద్దనింది నేను సూడగూడదనే గదా. కండ్లకు గుడ్డ కట్టుకోని తీస్తా. కుట్టు ఇప్పేకి కండ్లెందుకు?"

మర్నాడు మధ్యాహ్నం అంగడి తలుపు ఓరగా వేసి కూర్చున్నాం. ఇబ్రహీం అస్తరు గుడ్డ చీలిక కళ్ళకు కట్టుకుని, పుస్తకం ఒళ్ళో పెట్టుకున్నాడు. నేను గోడవైపు తిరిగి కూర్చుని, చేతిసంచి వెనక్కి చాపి పట్టుకున్నాను. అతను పేజీ మూల తడుముతాడు, రెండు కుట్లు తెంపుతాడు, పీసు సంచిలో వేస్తాడు, నెంబరు లెక్కపెడతాడు. "ఒకటి... రెండు..." మధ్యలో మారెమ్మ టీ తెచ్చి తలుపు సందులోంచి చూసింది.

"ఏందిది, ఇంత వయసొచ్చి దాగుడుమూతలా?" అంది. "పన్నెండు అయిపోయిందా?"

"అయిపోయింది పో," అన్నాను. మా ఇంటామె నెంబరు నాకు తెలిసింది ఆ రోజే.

అతని వేళ్ళకు గుడ్డలన్నీ తెలుసు. "ఇది పాప్లిను. ఇది వాయిలు. ఇది ఎమ్మిగనూరు నేత," అనుకుంటూ పోయాడు. వేళ్ళు పనిలో పడ్డాక గొంతులో కొంచెం జీవం వచ్చినట్టే అనిపించింది నాకు.

"నలభై ఆరు," అన్నాడు. సంచిలో పీసు పడింది.

"నలభై ఏడు," అన్నాడు. పడలేదు.

సంచి ఇంకొంచెం వెనక్కి జరిపాను. "ఏమాయె ఇబ్రహీం?"

"కింకాబు."

"ఎవరిదో పెండ్లి రవిక అయ్యుంటాది."

"రఫూ ఉండాదన్నా." ఊపిరి తీసుకున్నాడు. "నాది రఫూ."

బయట సందులో సైకిలు గంట మోగుతూ పోయింది. నాకు ఒక్కొక్కటే గుర్తొచ్చింది. రంజానుకు అందని రవిక. నాది నేనే కుట్టుకుంటానన్న మాట. ఇంట్లో మనిషిగా అడిగితే పండగకు దొరకదని, ఆమె గిరాకీగా మారి పుస్తకంలో చేరింది. అందరి గుడ్డల మధ్య తన గుడ్డ పెట్టి, అందరి చీటీల మధ్య తన చీటీ పెట్టి, ప్రతి పండగకూ వేళకు మొగుడి చేత కుట్టించుకుంది. పన్నెండేళ్ళు. ఎండిపోతోందని అతను నాతో అన్నదీ, నేను నవ్విందీ ఆమె గురించే. ఆమె పరదా అవతలే ఉంది.

"నేనే కుట్టినా," అన్నాడు ఇబ్రహీం. "ముప్పై. ఇరవై ఎనిమిది. ఇరవై ఆరు. నేనే తగ్గిచ్చి తగ్గిచ్చి కుట్టినా సుంకప్పన్నా."

నేను ఆపుకోలేక వెనక్కి తిరిగాను. పేజీ తెరిచి ఉంది. వేళ్ళు ఆ రఫూ మీదే ఉన్నాయి. కళ్ళకు గుడ్డ అలాగే ఉంది, తడవలేదు. అంకెలు కిందికి దిగుతూ పోయాయి, దసరా తర్వాత ఇంకా రెండు వరసలున్నాయి. ఆ చివరి అంకె నేను చూశాను. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మీకూ చెప్పను.

"గుడ్డ ఇప్పుకో," అన్నాను. "సూసుకో ఒకసారి. నీ పెండ్లాం పేజీనే గదా."

"నెంబరు నెంబరే అన్నా."

"పోనీ ఆ పేజీ సింపుకో. నేను మద్దిలేటికి సెప్తా."

"పుస్తకం ఒకటి అని రాసినావు. పేజీ తీస్తే ఒకటి ఎట్లయితాది?"

రెండు కుట్లూ తెంపాడు. తెంపేముందు దారం ముడి ఎటుందో వేలితో చూసుకున్నాడు, గుడ్డ చిరగకుండా. పీసును అందరివాటితో పాటే సంచిలో వేశాడు.

"నలభై ఎనిమిది," అన్నాడు.

నూట ముప్పై దాకా పోయాం. మళ్ళీ గుడ్డల పేర్లు చెప్పలేదు, అంకెలే చెప్పాడు. అయిపోయాక కళ్ళగుడ్డ విప్పి, పుస్తకం మూటగట్టి, అస్తరు చీలికను మడిచి దాని చోట అది పెట్టాడు. పీసుల సంచి మారెమ్మకు ఇచ్చి పంపాం, ఎవరి గుడ్డ వారు ఏరుకుంటారని. భీమక్క తన చుక్కల పీసు తీసుకుని పొయ్యిలో వేసిందట. కింకాబు పీసు ఒకటి ఎవరూ తీసుకోలేదని మారెమ్మ చెప్తే, అది నేను తెచ్చి ఇబ్రహీముకు ఇచ్చాను. జేబులో వేసుకున్నాడు.

ఒకటో తేదీన మద్దిలేటి వచ్చాడు. మిషన్లు తిప్పి చూశాడు, కత్తెర్లు లెక్కపెట్టాడు, పుస్తకం తెరిచాడు.

"ఇదేందన్నా, పీసులు ఏమాయె?"

"పత్రంలో పుస్తకం అని ఉందప్పా. పీసులని ల్యాదు," అన్నాను. "ఎవురి నెంబరు వాళ్ళకు తెలుసు. నీ దగ్గరికి వచ్చినోళ్ళు వాళ్ళే సెప్తారు."

అతను నా వైపు ఒకసారి, పత్రం వైపు ఒకసారి చూశాడు. "నువ్వు శానా గట్టోడివి సుంకప్పన్నా," అని నవ్వేశాడు. పేజీలు తిప్పుతూ తిప్పుతూ ఒకచోట ఆగాడు. దర్జీ కళ్ళు కదా, అంకెలు మాట్లాడతాయి.

"ఇబ్రహీమన్నా, ఈ నలభై ఏడో నెంబరామె ఎవురు? ఏడాదిలోనే ఇంత దిగిపోయింది. బాగుండాదా ఆమె?"

నేను టీ గ్లాసు కింద పెట్టాను.

"గిరాకీ పేరు సెప్పేది ల్యా," అన్నాడు ఇబ్రహీం. "ఆమె వస్తే నెంబరు ఆమే సెప్తాది. రాకుంటే అడగొద్దు."

"సరేలే అన్నా," అని మద్దిలేటి పేజీ తిప్పేశాడు.

సామాను ముట్టినట్టు రసీదు రాశాను. ఈసారి పాషాణాలు లేవు. ఇబ్రహీం సంతకం పెట్టి, కలం నాకు ఇస్తూ నా చొక్కా వైపు చూశాడు. నాలుగు నెలలుగా ఎదురుగా ఉన్న చొక్కా అది.

"గుండీ ఊడిపోయింది గదన్నా," అన్నాడు.

"ఎప్పుడో పోయింది."

అతని చెయ్యి అలవాటుగా మిషను పక్క డబ్బా మీదికి పోయింది, మధ్యలో ఆగింది. "మద్దిలేటీ, ఒక సూది తీసుకుంటా."

"తీసుకో అన్నా, దానికి గూడా అడగాల్నా?"

"రాసిచ్చినా గదప్పా," అన్నాడు ఇబ్రహీం. సూదికి దారం ఎక్కించి, నా చొక్కా ముందుకు లాక్కుని, నన్ను అలాగే నిలబెట్టి గుండీ కుట్టాడు.